ఆరో రుచి

పిన్నీ,

ఫోన్ చేస్తే తమిళంలోకి జారిపోతానని ఉత్తరం రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో.

ఆదివారం సైబర్‌జయలో ఒక్కడినే సినిమాకి వెళ్ళాను. అందులో ఒక యూదుల కుర్రాడు, పదమూడేళ్ళు నిండాయని వాళ్ళ ప్రార్థనా మందిరంలో అందరి ముందూ తనకి రాని భాషలో చదవాలి. మధ్యలో మాట మరిచిపోయాడు. అంతే! తల్లీ, మామ్మా, మేనమామలూ కూర్చున్నచోటి నుంచే తలో మాటా అందించి, ఏది సరైనదని వాళ్ళలో వాళ్ళే కొట్టుకున్నారు. పగలబడి నవ్వుతూ పక్కకి తిరిగాను. ఆ సీట్లో ఎవరూ లేరు.

చిన్నప్పుడు బంటింగ్‌లో, మన మలేషియా తెలుగువాళ్ళ ఉగాది సభలో నేను పచ్చడి రుచులు అయిదు చెప్పి ఆగిపోతే, అమ్మ ముందు వరసలోంచి, "ఏటిరా, ఆగిపోనావేటి? వగరు! వగరు సెప్పు!" అని అరిచింది, గుర్తుందా? సభంతా నవ్వింది. నేను సిగ్గుతో చచ్చాను.

అమ్మ పోయి ఏడాది దాటింది. ఈ ఉగాదికి అక్కడే పిల్లలకి ఆ రుచుల గురించి చెప్పమన్నారు. నువ్వు తప్పకుండా వచ్చి ముందు వరసలో కూర్చో. ఇప్పుడు నాకు ఆరూ వచ్చు. అయినా అయిదు చెప్పి ఆగుతాను. నువ్వు గట్టిగా అరవాలి.

నీ అక్క కొడుకు