ఎలుగుబంటి కుడికాలు

ఓర్వకల్లు, గురువారం.

మేనకోడలు శివకుమారికి మామ పెద్ద ఈరన్న కోపంగానే దీవించి రాసేది.

ఫోన్లో తిట్లు మొదలుపెట్టంగానే కట్ చేస్తావు, అందుకే కడప బస్సు కండక్టరు చేతికి ఉత్తరమిస్తాండా. ఆపొద్దు మీ ఆఫీసుకు పిలిచి, ఒళ్లంతా బిళ్లలంటించి నాతో చెక్కభజన ఆడిస్తిరి. ఇప్పుడు నా అడుగులు కంప్యూటర్లో ఎవురికో ఎక్కిస్తాండారంట! గురువుకు తాంబూలమియ్యకుండా నేర్సుకునే ఆ శిష్యుడెవుడు?

ఇట్లు,
పెద్ద ఈరన్న, చెక్కభజన గురువు.

తా.క. వాడిది ఏ ఊరు?

కడప, శుక్రవారం.

మామకు భయభక్తులతో నమస్కారాలు.

శిష్యుడు ఎలుగుబంటి మామా. పిల్లల సినిమాకు మేం కంప్యూటర్లో చేసిన బొమ్మ. ఆ బిళ్లలతో పట్టిన నీ కదలికలు దానికి ఎక్కిస్తే మూడో అడుగుకల్లా కుడికాలు ఈడుస్తోంది. బొమ్మ ఎముకల్ని నీ ఎముకలతో తప్పుగా జతచేశానని సారు తిడుతున్నారు. అదే సినిమాలోని రాకుమారి బొమ్మకు ఎక్కించాను, ముసలమ్మకు ఎక్కించాను, అందరిదీ కుంటే! సోమవారంలోగా తప్పు దొరక్కపోతే నా ఉద్యోగం పోతుంది. అన్నం కూడా సహించడం లేదు.

నీ శివకుమారి.

తా.క. ఎలుగుబంటి చేత తాంబూలం ఎలా ఇప్పించాలో ఇక్కడెవరికీ తెలియదు.

ఓర్వకల్లు, శనివారం.

శివకుమారికి,

కుంటా? నోరు కడుక్కో! అది మా గురువు మహానంది అడుగు. ఆయప్ప ఈడ్సినాడు, నేను ఈడుస్తాండా, నా పదిహేడు మంది శిష్యులూ ఈడుస్తాండారు. అది తీసేస్తే అందరం మీ ఆఫీసు ముందర కూర్చుంటాం. సాక్ష్యం కావాల్నా? గురువు భార్య గంగక్కనే అడిగి రాస్తా.

మండిపోతాండే మామ.

తా.క. ఎలుగుబంటికి తెలిసిన అడుగు మీ సారుకు తెలీదా?

కడప, శనివారం సాయంత్రం.

మామా, నీ కాళ్లు పట్టుకుంటాను, ఆ సాక్ష్యం వెంటనే పంపు. అది నిజంగా అడుగేనని తేలితే తప్పు నాది కాదని ఒప్పుకుంటానన్నారు సారు. గంటకోసారి బస్టాండుకు పోయి కండక్టర్ల మొహాలు చూస్తున్నాను.

శివకుమారి.

తా.క. సారు ఆ అడుగు వేసి చూశారు. ఇప్పుడు ఆయనా ఈడుస్తున్నారు.

ఓర్వకల్లు, ఆదివారం.

అమ్మా శివకుమారీ,

గంగక్క దగ్గరికి పోయినా. "అడుగేందిరా ఈరన్నా! ఆయప్పకు అరికాల్లో ఆనెకాయ ఉండె, నొప్పికి ఈడుస్తాండె. మీరంతా ఈడుస్తాంటే ఎగతాళి చేస్తాండారని ముప్పై ఏండ్లు ఏడ్సినా" అనింది. సిగ్గుతో తలెత్తలేకపోయినా తల్లీ. ఈడ్సింది నా కాలే, నీ తప్పు రవ్వంత కూడా లేదు, ఈ ఉత్తరం మీ సారుకు చూపియ్. ఎలుగుబంటి కాలు సరిచెయ్.

నీ మామ ఈరన్న.

తా.క. పొద్దున శిష్యులకు కాలు ఈడ్సొద్దని చెప్పినా. పదిహేడు మందీ తాళం తప్పిరి. నేనూ తప్పితిని. ఎలుగుబంటికి కుదిరినాక వీడియో పంపియ్, చూసి నేర్సుకుంటాం.