విస్సన్నపేట రోడ్ బ్యాండూ, మీ అమ్మకి చెప్పని మాటా

ఒరేయ్ జోయెల్,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి నిన్నటికి ఏడాది.

ఇక్కడ మామిడి కోతలు నడుస్తున్నాయి. పొద్దున్నే తోటకి వెళ్ళి, రసాలు నూజివీడు పంపించి ఇంటికొస్తున్నాను. డ్రమ్స్ ముట్టుకుని మూడేళ్ళు దాటింది.

మన చర్చిలో నువ్వు గిటారు, నేను డ్రమ్స్. చదువుకోడానికని మెల్‌బోర్న్ వెళ్ళి, క్లాసులు ఎగ్గొట్టి బ్యాండ్ పెట్టాం. బేస్ గిటారుకి అక్కడి పిల్ల ఎమ్మా దొరికింది. పేరు మన ఊరి దారిదే, 'విస్సన్నపేట రోడ్' అన్నావు. వాళ్ళకి నోరు తిరగదురా అంటే, "తిప్పుకుంటార్లే" అన్నావు. నిజంగానే తిప్పుకున్నారు...

పబ్బుల్లో పదిమంది ముందు వాయించాం. ఊరూరికీ వ్యాన్ నేనే నడిపేవాణ్ణి. నువ్వు వెనక సామాను మధ్య పడుకునేవాడివి. మొదటి ఆల్బమ్‌ని ఎవరూ పట్టించుకోలేదు. రెండోది రేడియోలో వచ్చింది. అప్పుడు దిగాడు మేనేజరు. వాడికి నా వాయింపు నచ్చలేదు.

నన్ను తీసేస్తున్న సంగతి సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో చెప్పావు, చేతిలో పాలడబ్బా పట్టుకుని. "ఏమీ అనుకోకురా... పెద్ద స్టేజీలెక్కాలంటే కొన్ని తప్పవు."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటార్రా?

నేను ఊరికి వచ్చేశాను. మూడో ఆల్బమ్ పెద్ద హిట్. అందులో సగం పాటల దరువులు నేను కట్టినవే. అట్ట మీద నా పేరు లేదు.

తర్వాత ఆ హైవే... ప్రోగ్రాం చూసుకుని, నిద్రమొహంతో, నువ్వే నడుపుతూ...

మీ అమ్మకి మాత్రం నేనే నిన్ను వదిలేసి వచ్చానని చెప్పావంట. ఎందుకురా? నిన్న చర్చిలో నీ జ్ఞాపకార్థ కూడికలో ఆవిడ అందరి ముందూ నన్ను పట్టుకుని, "నువ్వుంటే బండి నువ్వే నడిపేవాడివి కదయ్యా, నా కొడుకు బతికేవాడు" అంది.

అంతదూరం నుంచి వచ్చిన ఎమ్మా, ఏమన్నారని అడిగింది. చెప్పాను. కూడిక అయ్యాక మీ ఇంట్లో ముగ్గురమే ఉన్నప్పుడు, మీ అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఇంగ్లీషులో మొత్తం చెప్పేసింది. నన్ను పంపించేసింది నువ్వేననీ, తనూ నోరెత్తలేదనీ. ఏడ్చింది.

"ఏమంటోందయ్యా ఆ అమ్మాయి?" అంది మీ అమ్మ, నా వైపు తిరిగి.

చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఏడాదిగా ఆ నిమిషం కోసమే చూస్తున్నాను.

"జోయెల్‌ని ఎప్పటికీ మర్చిపోలేనంటోంది ఆంటీ" అన్నాను.

మీ అమ్మ ఎమ్మాని దగ్గరకి తీసుకుంది. నిజం విని క్షమించేసిందనుకుంది ఆ పిల్ల. నేను వెళ్ళొస్తానంటే మాత్రం ఆవిడ తల కూడా ఊపలేదు.

ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ మాట నా నోట రాదు, మాటిస్తున్నాను. నీ మీద ప్రేమతో అనుకునేవు... కాదు. నువ్వు మంచివాడివన్న నమ్మకం తప్ప ఆవిడకి ఇంకేం మిగలలేదు. అది కూడా లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు, అంతే.

సుధాకర్