కవితకు చెప్పిన అబద్ధం

శారదా,

మొగుడి చేతిలో నువ్వు పోయి ఈరోజుకు రెండేళ్లు. మనమంతా బతకడానికి వచ్చిన ఈ సచిన్ ఊళ్లో మీరుండిన గదిలోకి ఈమధ్య జగిత్యాల నుంచి కవిత వచ్చింది. నిన్న పొద్దున భర్త కొడితే ఆమె చెయ్యి విరిగింది. ఈసారి నేనే మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను.

వాళ్లు బండిలో వచ్చి ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు దెబ్బలన్నీ కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం చూసి పోలీసులు కేసు రాసుకున్నారు, గృహహింస కేసులు చూసే రక్షణ అధికారిణి కోర్టుకు అర్జీ తయారు చేసింది. కవిత మాటలను నేను హిందీలో చెప్పాను. ఆమె తన బాధను ఒక్కసారే చెప్పుకుంది, మళ్లీ ఎవరూ మొదటి నుంచి అడగలేదు. సాయంత్రానికి ఇలాంటి ఆడవాళ్లుండే ఆశ్రమంలో చోటు కూడా దొరికింది.

అక్కడ మంచం మీద కూర్చుని కవిత అడిగింది: "అక్కా, గిదంత ఉన్నదని నీకెప్పటి సంది ఎరుక?"

"మొన్ననే తెలిసింది చెల్లె" అన్నాను.

అబద్ధం. అంగన్‌వాడీలో ఆయాగా చేరిన ఏడాదే మీటింగులో మాకు ఇదంతా చెప్పారు. పగిలిన పెదవితో వచ్చి నువ్వు "నేనేడికి పోవాలె అక్కా?" అని అడిగిననాటికే నాకు తెలుసు. కార్ఖానాలో మా ఆయన నీ భర్త కిందే పనిచేసేవాడు. అందుకే "జర ఓర్చుకో" అని నిన్ను ఆ గదికే తిరిగి పంపాను.