దోనె అంచు మీద మూడు దెబ్బలు

జాంబెజీ ఒడ్డు, అక్టోబరు

రుతెందో వాళ్ళమ్మకి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను. ఎండలకి నది చిక్కిపోయింది. ఏనుగులు మోకాలిలోతు నీళ్ళలో లంకకి దాటిపోతున్నాయి. ఎర్రపిట్టలు ఒడ్డున మట్టిగోడకి బొరియలు తవ్వుకుని కాపురాలు పెట్టాయి. వాటిని చూస్తే కడుపు మండుతోంది. నాకూ ఒక కాపురం ఉంది, దాని మొహం చూసి నాలుగు నెలలైంది.

అడవి చూడ్డానికి క్యాంపుకొచ్చే అతిథుల్ని దోనెలో తిప్పుతున్నానని, సింహాల్ని చూపించానని ఉత్తరాల్లో నీకు కోతలు కోశాను. అంతా అబద్ధం, ఎస్నాత్. జులైలో ఒకరోజు ఒడ్డున పిల్లఏనుగు నీళ్ళు తాగుతుంటే, దోనెలో ఉన్న పెద్దావిడ "చప్పుడు చెయ్యకయ్యా, బెదిరిపోతుంది" అంది. మేం వస్తున్నట్టు నీటిగుర్రాలకి తెలియాలని తెడ్డుతో దోనె అంచు కొడుతూ పోతాం కదా, ఆవిడ మాటకి ఆపేశాను. ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. అడుగునున్న నీటిగుర్రం దోనెని ఎత్తి కుదేసింది. ఆవిణ్ణి ఒడ్డుకి చేర్చాను గానీ, నా ఎడమకాలు దాని నోట పడింది. కాలైతే ఉంది, వంగదు. ఇంట్లో చెప్పొద్దని అందరిచేతా ఒట్టు వేయించాను.

ఇప్పుడు క్యాంపు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. "ఏం సైలస్, ఉల్లిపాయల్లో నీటిగుర్రాలేమైనా కనబడుతున్నాయా?" అని వంటపెద్ద ఎకసెక్కాలాడతాడు. నవ్వేస్తాను. ఈ కుంటివాణ్ణి నువ్వేం చేసుకుంటావు? వానలకి క్యాంపు మూసేశాక లుసాకా పట్నం పోయి కాపలా పని వెతుక్కుంటాను. నీ చేతి మొక్కజొన్న ముద్ద, ఎండుచేపల కూర కలలోకొస్తున్నాయి.

నీ సైలస్

---

రుతెందో వాళ్ళ నాన్నగారికి,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను, తర్వాత తిట్టాను. రెండూ మీకే.

మన రేవు ముందు అందరూ దోనె అంచు వరసగా టకటకా కొట్టుకుంటూ పోతారు. మీరు మాత్రం రెండు గబగబా, కాస్త ఆగి ఒకటి. ఆ మూడోది నీటిగుర్రాలకి కాదని నాకు తెలీదనుకున్నారా? జులై నుంచి మీ దోనె వస్తోంది, కొట్టే చెయ్యి మీది కాదు. "మీ ఆయన అలిగాడేంటే? చప్పుడు మారిందేం?" అని పక్కింటి లొవెనెస్ అడిగితే, "అవతలి పాయలో తిరుగుతున్నాడులే" అని నేనూ కోతలు కోశాను. మీరు బతికున్నారని మీ ఉత్తరాలే చెప్పాయి. ఏం జరిగిందో మీ నోటే రావాలని నోరు కుట్టుకుని కూర్చున్నాను. రోజూ రేవులో ఉతికిన బట్టలే ఉతికాను.

కాలు వంగకపోతే మానె, చెయ్యి ఉందిగా. లుసాకా గిసాకా అంటే ఊరుకోను. శనివారం సరుకుల పడవ ఎక్కండి. ఎవరో నడుపుతారు, మీరు ఊరికే కూర్చోండి. మన రేవు దగ్గరికి రాగానే మాత్రం అంచు మీద మూడు కొట్టండి. అది వినపడ్డాకే ఎసరు పెడతాను.

మీ ఎస్నాత్