అడిగినది, ఇచ్చినది

మార్చి 4
ఆరో నంబరు గ్లవ్స్ ఎవరూ అడగరని భోజనాల దగ్గర మనవరాలు సెలవిచ్చింది. తప్పు. అడుగుతారు. దొరకవు. ఈ రెండింటికీ తేడా తెలియని పిల్లకి ప్రభుత్వం ఆసుపత్రి సరుకుల కొనుగోళ్లకి కేటగిరీ మేనేజర్ అని కుర్చీ వేసింది.

ఆసుపత్రులన్నిటికీ కలిపి ఒకటే టెండరట. మూడేళ్లకట. సర్జికల్ గ్లవ్స్ ఒకటే సైజట, ఏడున్నర. ఇరవై ఏళ్ల స్టోర్స్ రికార్డులు కంప్యూటర్లో పోస్తే అదే తేలిందట. డేటా అబద్ధం చెప్పదు నానమ్మా అంది. నిజమే. రాసినవాళ్ల అబద్ధాన్ని అప్పజెబుతుంది, అంతే.

ఆ రికార్డుల్లో సగం పెద్దాసుపత్రివి. రిటైరయ్యేదాకా పెద్దాసుపత్రి రిజిస్టర్లు రాసింది నేను.

మార్చి 5
ముప్పై ఒక్క ఏళ్లు స్టోర్స్‌లో చేశాను. నర్సులు కిటికీ దగ్గరికొచ్చి ఆరో నంబరు అడిగేవారు. లేవు, ఏడున్నర పట్టుకెళ్లమనేదాన్ని. రిజిస్టర్లో 'ఇచ్చినది' అనే గడి ఉండేది. 'అడిగినది' అనే గడి లేదు. నా బల్ల మీద స్కేలూ ఉంది, పెన్సిలూ ఉంది. గీయలేదు.

మార్చి 7
కోడలు ఆపరేషన్ థియేటర్ నర్సు. చిన్నపిల్ల చేతులు. ఏడున్నర తొడిగితే వేళ్ల చివర్లు ఖాళీగా వేలాడతాయి. ఇవాళ మళ్లీ సూది గుచ్చుకుంది. మూడోసారి. రక్తపరీక్షకిచ్చి వచ్చి, అలవాటైపోయింది అత్తయ్యా అంది. సూదిపోటు కూడా అలవాటేనా తల్లీ అన్నాను.

టెండరు మీద అభ్యంతరాలు పదకొండున ప్రీ-బిడ్ మీటింగులో వింటారట. ఎవరైనా రావచ్చట. నువ్వు మాత్రం రావద్దు నానమ్మా అంది మనవరాలు. అప్పటిదాకా నాకూ వెళ్లే ఉద్దేశం లేదు.

మార్చి 10
కళ్లజోడు తుడిచాను. చెప్పులు కుట్టించాను. యుద్ధానికి ఈ సరంజామా చాలు.

మార్చి 11
హాలు నిండా కంపెనీలవాళ్లు. వేదిక మీద మనవరాలు, పక్కన దాని పై అధికారి, బూరెబుగ్గల పెద్దమనిషి. ఏ కంపెనీ తరఫున వచ్చారమ్మా అన్నాడు. నేను చేసిన పాపం తరఫున అన్నాను. మనవరాలు ఫైల్లో తల దూర్చింది.

రిజిస్టర్ల సంగతి దాచకుండా చెప్పాను. ఒక్క సైజు తేడాకే ఇంత రభసా అన్నాడాయన. ఆయన చేతికి ఏడున్నర సరిపోతుంది. సంచీలోంచి తొమ్మిదో నంబరు గ్లవ్స్ తీసి తొడిగించి, బల్ల మీది గుండుసూది తీయమన్నాను. మూడుసార్లు జారింది. నా కోడలు ఆ చేతుల్తోనే కుట్లకి సూదులందిస్తుందయ్యా అన్నాను.

ఆయన గ్లవ్స్ ఊడదీసి బల్ల మీద పెట్టాడు. ఒక పెద్దావిడ మాట మీద ఇరవై ఏళ్ల రికార్డు కొట్టెయ్యలేనన్నాడు. తొమ్మిది రోజుల గడువిచ్చాడు. నర్సుల చేతుల కొలతలు తెస్తే సైజులు విడగొడతాడట.

నా పరువు తీశావని దారి పొడుగునా మనవరాలి సణుగుడు. తీసుకున్నది నా పరువే, నీదింకా కుదురుకోనేలేదు కదే అన్నాను.

మార్చి 12
కోడలి మొదటి పరీక్షలో ఏమీ లేదు. నెలలు ఆగి చేయించాల్సినవి ఇంకా రెండున్నాయి. మనవరాలు తల్లి చెయ్యి తన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆరా, ఆరున్నరా నానమ్మా అంది. ఊహించకే, కొలువు అన్నాను.

మార్చి 13, ఉదయం 6
ఈ పేజీ చించి మనవరాలి లంచ్ బాక్సు కింద పెడుతున్నాను. ఒసే, సాయంత్రం వస్తూ దర్జీ టేపులు నాలుగు తే. ఇంచులవి, సాగనివి. బొటనవేలు వదిలి అరచేతి చుట్టూ కొలవాలి. ఎన్ని ఇంచులొస్తే అదే గ్లవ్స్ నంబరు. తెల్లకాగితాల రిజిస్టరు కూడా ఒకటి. అచ్చు గళ్లది తేకు. గడులు నేను గీస్తాను.