నీ పేరు తీసేసిన పేజీ

హెల్మెట్ లేకుండా కామారెడ్డి రోడ్డెక్కి చచ్చిన పెద్దమనిషీ, ఎల్లారెడ్డిలో మన ఫోటో స్టూడియో ఈరోజు మళ్లీ తెరిచాను. నువ్వు చేసినట్టే పాత కంప్యూటర్‌లో సర్వర్ నడిపాను. పెళ్లివాళ్లు షాపు వైఫై పట్టుకుని, ఆల్బమ్‌కి ఫోటోలు ఫోన్లలోనే ఏరుకుంటున్నారు.

ఆ ఫోటోల పేజీ పైన నువ్వు రాసుకున్న నీ పేరు పొద్దున్నే కోపంతో తీసేశాను. అయినా, తన పెద్దబిడ్డ పెళ్లప్పుడు కూడా మన దగ్గరికే వచ్చిన పెళ్లికూతురి తల్లి ఫోన్ చూపించింది.

"గిండ్ల చిన్నబిడ్డ ఫోటోలు లేవు, మీ ఆయన పేరే ఉన్నది గదమ్మా!"

"నీ ఫోన్ల పాత పేజీ ఉండిపోయిందక్కా. రిఫ్రెష్ కొట్టు, పోతది."

కొట్టింది. పోయింది.

నా ఫోన్‌లోనూ పాతదే ఉంది. నేను కొట్టలేదు. ప్రేమనుకుని పొంగిపోకు. తిట్టాల్సింది ఇంకా చాలా ఉంది. పేరు కూడా లేకపోతే ఎవరిని పట్టుకుని తిట్టాలి?