గేర్ బాక్సు చెడిపోలేదన్నా

ప్రియమైన దేవదానం అన్నకు,

నీ చెల్లెలు సుగుణ చేతులు జోడించి చెప్పే వందనాలు. అమ్మ ఎట్లా ఉంది? మోకాళ్ల నొప్పికి నేను పంపిన మందు పూసుకుంటోందా, లేక చుట్టాలొస్తే చూపించడానికని పెట్టెలో దాచిపెట్టిందా? వదినకు ఆయాసం తగ్గిందా? కుందూ నది పొంగి ఆళ్లగడ్డ బస్సులు రెండు రోజులు నిలిచిపోయాయని రాశావు. మన పత్తి ఏమైందో రాయలేదు. ఈసారి తప్పకుండా రాయి.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. దేవుడు ఆరోగ్యానికి తక్కువ చేయలేదు. ఈ మాట అమ్మకు రెండుసార్లు చదివి వినిపించు. చలి మాత్రం ఎముకల్లోకి దిగుతోంది. నాలుగు గంటలకే చీకటి పడుతుంది. కరుణక్కా నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. జమ్మలమడుగు నుంచి వచ్చిన నర్సు అని ఇంతకుముందు రాశాను చూడు, ఆమె. ఆదివారం ఆమె సంగటి చేస్తుంది. ఇక్కడ రాగిపిండి దొరకదు, ఏదో నల్ల గోధుమ పిండి తెచ్చి కెలుకుతుంది. కళ్లు మూసుకుని తింటే సంగటి అనుకోవచ్చు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. వెంటనే జవాబు రాసి ఉంటే నువ్వు దాన్ని అమ్మకు చదివి వినిపించలేకపోయేవాడివి. అందుకే ఆగాను.

పాదిరి గారు ఇంగ్లీషు పేపర్లో ఒక మూల నా పేరు చూసి గుడిలో ప్రార్థన అయిపోయాక అందరికీ చదివి చెప్పారని రాశావు. “గేర్ బాక్సు పగలగొట్టుకుని నడిదారిలో నిలబడిపోయినావంట గదా. గేరు మార్చేకాడ నీకెప్పుడూ తొందరే. నేను అప్పుడే చెప్పినా, వినకపోతివి” అని రాశావు. నంద్యాల బస్టాండులో టీ అంగడి దగ్గర నలుగురూ నవ్వారని కూడా రాశావు. నువ్వు నవ్వావో లేదో రాయలేదు.

అన్నా, ఆ గేర్ బాక్సు చెడిపోలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఓపికగా చదువు.

నేను నర్సు పనికని ఈ దేశం వచ్చానని నీకు తెలుసు. విమానం ఎక్కే ముందు అమ్మ నా తల నిమిరి, “నర్సుగా పోతాండావు, నర్సుగానే తిరిగిరా” అంది. ఏ మనసుతో అందో గానీ ఆ మాట నన్ను వదల్లేదు. మా వార్డులో మార్గరెట్ అనే నర్సు ఉండేది. సెలవు రోజుల్లో ఆమె ర్యాలీ పోటీలకు పోయేది. ర్యాలీ అంటే అందరూ ఒకేసారి గుంపుగా ఉరికేది కాదన్నా. అడవుల్లో మట్టిబాటల మీద ఒక్కో బండినీ విడిగా వదులుతారు. దారంతా కలిపి ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లు గెలిచినట్టు. పక్కన ఒకరు కూర్చుని ఎక్కడ మలుపుందో చదివి చెప్పాలి. మొదట మార్గరెట్ నడిపేది, నేను చదివేదాన్ని. ఒకరోజు వానలో ఆమెకు చెయ్యి బెణికితే చోట్లు మార్చుకున్నాం. ఆ తర్వాత ఆమె మళ్లీ స్టీరింగు అడగలేదు.

ఇక్కడివాళ్లకు బురద అంటే భయం. నాకు లేదు. నువ్వు నడిపే మిల్లు జీపులో నాకు బండి నేర్పిన కె.సి. కాలువ గట్టు గుర్తుందా? నల్లరేగడి తడిస్తే ఎట్లా ఉంటుందో వీళ్లకేం తెలుసు. జీపు అడ్డంగా తిరిగిపోతుంటే నేను అరిచాను. నువ్వు మాత్రం బీడీ కూడా తీయకుండా, “బ్రేకు మీద కాలు పెట్టొద్దు. జారేది జారనీ. యాడికి పోవాల్నో ఆడికే చూడు, బండి ఆడికే వస్తాది” అన్నావు. ఆ ఒక్క మాటతో నేను ఈ దేశంలో ఎన్ని మలుపులు తిరిగానో. ఒక ఏడాది ఆడవాళ్ల కప్పు వచ్చింది. మరుసటి ఏడాది మగవాళ్లలోనూ చాలామంది నా వెనకే ఉన్నారు.

అప్పుడు ఒక పెద్ద టీము వాళ్లు పిలిచారు. సబ్బుల కంపెనీ ఒకటి వాళ్లకు డబ్బు పెడుతోంది. ఆడమనిషి బండి నడిపితే బాగుంటుందని ఆ కంపెనీ వాళ్లకు తోచిందట. ఆస్పత్రిలో సెలవు పెట్టి మార్గరెట్‌తో కలిసి పోయాను. బెల్జియం, పోర్చుగల్, గ్రీసు, అన్ని చోట్లకూ పంపారు. నువ్వు గోడకు అంటించిన ఫోటో గ్రీసులోది. అందులో ఎందుకు నవ్వడం లేదని వదిన అడిగింది కదా. ఆ రోజు పొద్దున మేనేజరు నా చేతికి ఒక చీర ఇచ్చి, అది కట్టుకుని చేతిలో సబ్బు పట్టుకుని బండి పక్కన నిలబడమన్నాడు. కట్టుకోను, డ్రైవరు బట్టల్లోనే నిలబడతానన్నాను. నిలబడ్డాను, నవ్వలేదు. అప్పటినుంచే అతనికి నామీద గుర్రు.

టీములో ఇంకో డ్రైవరు కాలిన్. మంచి డ్రైవరే, అబద్ధం చెప్పకూడదు. కొత్త టైర్లు మొదట అతనికి, అతను వాడి వదిలినవి నాకు. కొత్త ఇంజను అతనికి, పాతది నాకు. నేను గొణగలేదు. మన ఇంట్లో కూడా కొత్త పుస్తకాలు నీకు, పాతవి నాకు. అలవాటే అనుకున్నాను.

ఈ శీతాకాలం మొదట్లో వేల్స్ అనే చోట పెద్ద పోటీ జరిగింది. పలు దేశాలవాళ్లు వచ్చారు. వాన, పొగమంచు, అడవి బాటలన్నీ బురద. నాకు పండగలా ఉంది. పొద్దున మొదలైన దగ్గర నుంచి బండి నా చెప్పుచేతల్లోనే ఉంది. మధ్యాహ్నానికి మార్గరెట్ లెక్క చూసి, “నువ్వు కాలిన్ కంటే ముందున్నావు. చాలా ముందున్నావు” అంది. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది, అంతే.

బండ్లు బాగుచేసే చోటికి చేరేసరికి కాలిన్ బండి స్టాండ్ల మీద ఉంది. కిందినుంచి గేర్ బాక్సు ఊడదీశారు. లోపల పళ్లు విరిగాయి. వేరే గేర్ బాక్సు ఉన్న వ్యాను బురదలో దిగబడి ఎక్కడో ఆగిపోయింది. మేనేజరు గొడుగు పట్టుకుని నా కిటికీ దగ్గరకు వచ్చాడు.

“సూ, దిగు. నీ గేర్ బాక్సు కాలిన్‌కు వేస్తున్నాం” అన్నాడు. సుగుణ అనే పేరు వాళ్ల నోట సూ అయింది.

“నేను అతనికన్నా ముందున్నాను” అన్నాను.

“ఈ రోజు ముందున్నావు. సాయంత్రం దాకా నిలబడేది కాలినే.”

“సాయంత్రం కాకముందే మీకెట్లా తెలుసు?”

అతను గొడుగు చెయ్యి మార్చుకున్నాడు. “కంపెనీ వాళ్లకు నీ ఫోటో కావాలి. అది తీసుకున్నాం” అన్నాడు.

మార్గరెట్ దారి కాగితాలు అతని కాళ్ల దగ్గర విసిరేసి దిగిపోయింది. నేను దిగలేదు. తిట్టలేదు, ఏడవలేదు. స్టీరింగు పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. నేను కూర్చుని ఉండగానే బండిని జాకీల మీద లేపారన్నా. ఇద్దరు మెకానిక్కులు కిందికి దూరారు. ఇంకొకడు పక్క తలుపు తెరిచి గేరు రాడ్డు విప్పడానికి లోపలికి వంగాడు. నా మొహం చూడకుండా, “కాస్త కాలు జరపండి మేడమ్” అన్నాడు. నేను కాలు జరిపాను. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదొక్కటే. కాలు ఎందుకు జరిపానా అని.

వాళ్లు గేర్ బాక్సును గుడ్డ మీద పెట్టుకుని, పసిగుడ్డును మోసినట్టు జాగ్రత్తగా మోసుకుపోయారు. అది బిగించగానే కాలిన్ బండి అరిచింది, బురద చిమ్ముకుంటూ పోయింది. ఆ సాయంత్రం మూడో స్థానంలో వచ్చాడు. నా బండిని లారీ ఎక్కించారు.

హోటల్లో ఒక పేపరతను ఏమైందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. తల ఊపుతూ రాసుకున్నాడు. మరునాడు అచ్చయింది మాత్రం టీము వాళ్లిచ్చిన మాట. గేర్ బాక్సు చెడి సుగుణ తప్పుకుంది. ఆ ముక్కే సముద్రాలు దాటి, పాదిరి గారి చేతికి వచ్చి, మన గుడిలో చదవబడి, బస్టాండు దాకా పోయింది. నేను చెప్పిన మాటకు మాత్రం కాళ్లు రాలేదు.

నీ ఉత్తరం చేరిన రోజు నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. కరుణక్క ఊరుకోలేదు.

“ఏందీ, ఎవురి మీద అలుగుతాండావ్? కూటి మీదనా?”

“మా అన్న కూడా నమ్మినాడక్కా.”

“నమ్మక ఏం జేస్తాడు? ఆయన ఆడ ఉండె, నువ్వు ఈడ ఉంటివి. నువ్వు జెప్పితే గదా తెలిసేది. రాయి. నోరు మూసుకోని కూసుంటే మొగోళ్లు రాసిందే నిజమైతాది.”

అందుకే రాస్తున్నాను.

ఆ పోటీ తర్వాత టీము విందు జరిగింది. నాకు ఉత్తమ మహిళా డ్రైవరు అని ఒక వెండి కప్పు ఇచ్చారు. ఆ పోటీల్లో వేరే మహిళా డ్రైవరే లేదు. మైకు దగ్గర ఏమైనా చెప్పమన్నారు. “నా గేర్ బాక్సు మంచిది. కాలిన్‌ను అడగండి” అని చెప్పి దిగిపోయాను. బయట కార్లు నిలిపే చోట కాలిన్ నా వెనకే వచ్చాడు. క్షమించమని అడుగుతాడనుకున్నాను. నిజంగా అనుకున్నానన్నా. అతను టోపీ తీసి, “థాంక్స్ సూ. చాలా బాగా పనిచేసింది” అన్నాడు. వెటకారం కాదు, మర్యాదగానే అన్నాడు. అరువు గొడుగు తిరిగిచ్చేవాడు అన్నట్టు అన్నాడు.

తర్వాతి వారం నన్ను టీములోంచి తీసేశారు. అందరితో కలిసిపోయే స్వభావం కాదట. ఇంకో రెండు టీములకు మనుషుల చేత అడిగించాను. ఒకరు జవాబివ్వలేదు. ఇంకొకరు, “గేర్ బాక్సులు పగలగొడుతుందట కదా” అన్నారట.

ఇప్పుడు మళ్లీ వార్డులో ఉన్నాను. మొదటి రోజే పెద్ద నర్సు, “సరదా తీరిందా?” అని అడిగింది. తీరలేదని చెప్పాను. పడకలు సర్దుతాను, సూదులు వేస్తాను, ముసలివాళ్లకు స్నానాలు చేయిస్తాను. అమ్మ కోరినట్టే నర్సునయ్యాను. అమ్మకు అదే సంతోషమైతే సరే.

నీమీద కోపం ఉంది అన్నా. దాచను. బండి నేర్పినవాడివి నువ్వే. నేను గేరు ఎట్లా వేస్తానో ఈ లోకంలో అందరికంటే నీకు ఎక్కువ తెలుసు. పాదిరి గారు చదువుతుంటే నీ నోట ఒక్క మాట, “మా సుగుణ అట్ల చేయదు” అని రాకపోయిందే. కాలిన్ పరాయివాడు, మేనేజరు పరాయివాడు. బస్టాండులో నువ్వేం చెబుతావో నీ ఇష్టం. నేను అడగను.

కరుణక్క తమ్ముడు వచ్చే నెల ఇక్కడికి వస్తున్నాడు. అతని చేతికి కాస్త చెనిక్కాయల పొడి ఇచ్చి పంపు. వెల్లుల్లి ఎక్కువ వేయమను వదినను. పిల్లలకు నేను స్వెట్టర్లు అల్లుతున్నాను. నంద్యాలలో వాటితో పనిలేదని తెలుసు, అయినా అల్లుతున్నాను. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి.

వదినకు నా వందనాలు. పాదిరి గారికి కూడా వందనాలు చెప్పు, ఆయన తప్పేం లేదు. పిల్లలకు ముద్దులు. అమ్మ రోజూ సాయంత్రం నా కోసం మోకాళ్ల మీద ప్రార్థన చేస్తోందని రాశావు. ఆ మోకాళ్లతో వద్దు, కుర్చీలో కూర్చుని చేయమను. నాకు ఓపిక ఇమ్మని మాత్రం అడగొద్దని చెప్పు. ఓపిక నా దగ్గర కావలసినంత ఉంది. బండి ఇమ్మని అడగమను.

నీ చెల్లెలు,
సుగుణ